తిరుపతి ఈకలు, తీర్థన్ ట్రౌట్లు: సాఫ్ట్ హ్యాకిల్ నింఫ్ కట్టేది ఎట్లా, వేసేది ఎట్లా

ఫ్యాన్ ఆపితే తప్ప జరగని పనులు ఇంట్లో ఎన్ని ఉంటాయి చెప్పండి, దీపం పెట్టడం ఒకటి, ఫ్లై (చేపకి పురుగులాగ కనిపించేటట్టు ఈక, దారం చుట్టిన గాలం) కట్టడం ఒకటి. మే నెల తిరుపతిలో బయట 42 డిగ్రీలు ఉంటే నేను ఫ్యాన్ ఆపేసి టేబుల్ ల్యాంప్ కింద తల పెట్టి ఇంతే ఇంత ఈకని అంతకంటే చిన్న గాలానికి చుడతా ఉంటే, మా అమ్మ తలుపు దగ్గర నిలబడి "ఉడికిపోతావు నాయినా, ఆ ఫ్యాను వేసుకోరా" అంటుంది. వేస్తే ఈకలు హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి పోతాయి, అప్పుడు తిట్లు వేరే రకం. అందుకే ఇప్పుడు తెల్లారి 5 గంటలకే కూర్చుంటున్నా, ఆ టైముకి ఉక్క కూడా కొంచెం తక్కువ.

కట్టేది సాఫ్ట్ హ్యాకిల్ నింఫ్. అంటే ఏందంటే, గాలం మీద పురుగు ఒళ్లులాంటిది సన్నగా చుట్టి, తల దగ్గర ఒక మెత్తటి ఈక రెండు చుట్లు చుట్టి వదిలేసేది, అంతే. ట్రౌట్ కోసం కట్టే ఫ్లైలలో ఇంత తక్కువ సామానుతో అయిపోయేది ఇంకోటి ఉందని నేను అనుకోను. అయినా జనాలు దీన్ని పట్టించుకోరు, ఎందుకంటే చూడ్డానికి ఏమీ ఉండదు, డబ్బాలో పెడితే చెత్త మాదిరి కనిపిస్తుంది, పక్కన బంగారు రంగు పూస ఉన్న బీడ్‌హెడ్ ఫ్లై మిలమిలా మెరుస్తా ఉంటే చెయ్యి అటే పోతుంది.

ట్రౌట్ తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు. ఇది చల్లనీళ్ల చేప. నీళ్లు 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటే హుషారుగా తింటుంది, 20 దాటితే నీరసపడిపోతుంది, ఇంకా పెరిగితే బతకదు. అందుకే మన స్వర్ణముఖిలోనో తలకోన గుండాల్లోనో ఉండే ప్రశ్నే లేదు (తలకోన ఎట్లాగూ నేషనల్ పార్కు, అక్కడ గాలం తీయకండి). బ్రౌన్ ట్రౌట్ సొంతూరు యూరప్, రెయిన్‌బో ట్రౌట్‌ది అమెరికా పడమటి తీరం, రెండిటినీ మన దేశానికి తెచ్చింది తెల్లదొరలే. కాశ్మీర్‌లో ముందు, తర్వాత 1909లో కులూ లోయలో వదిలినారు. మన దక్షిణాదిలో నీలగిరి, మున్నారు కొండల మీద రెయిన్‌బో ఉంది. నేను పోయేది మాత్రం హిమాచల్‌లో తీర్థన్ నదికి, బ్రౌన్ ట్రౌట్ కోసం. ఇంత దూరం ఎందుకు రా అంటే, ఏడు కొండలు ఎక్కడానికి ఆ పక్కనుంచి జనం ఇక్కడికి రావడం లేదా, నేను అటు పోతున్నా, లెక్క సరిపోయింది.

ఇప్పుడు ఈ ఫ్లై ఎందుకు పనిచేస్తుంది అనేది తెలిస్తేనే కట్టేటప్పుడు చెయ్యి అదుపులో ఉంటుంది కాబట్టి అది ముందు చెప్తా. ట్రౌట్ తినే తిండిలో ఎక్కువ భాగం నీళ్ల లోపలే దొరుకుతుంది, పైన వాలిన పురుగుల్ని ఎగిరి పట్టుకోవడం అనేది ఫోటోలకి బాగుంటుంది కానీ రోజువారీ భోజనం అది కాదు. మేఫ్లై అని ఒక పురుగు, దాని పిల్లదశ నింఫ్, రాళ్ల కింద అతుక్కొని నెలల తరబడి, కొన్నయితే ఏడాది దాకా ఉండి, టైము వచ్చినప్పుడు రాయి వదిలేసి పైకి తేలుతుంది. పైకి వచ్చి తోలు విప్పుకొని రెక్కలతో ఎగిరిపోతుంది. తొలకరి పడిన సాయంత్రం మన వీధిలైటు కింద ఉసిళ్లు ఒక్కసారిగా లేస్తాయి చూడండి, అట్లాంటి గుంపే, కాకపోతే మట్టిలోంచి కాకుండా నీళ్లలోంచి. ఎగిరిన మేఫ్లైకి తినడానికి పనికొచ్చే నోరే ఉండదు, ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెట్టి పోతుంది. ట్రౌట్‌కి దీంట్లో ఏ దశ ఇష్టం అంటే, రాయి వదిలి పైకి వచ్చే ఆ కొద్ది సేపు. అప్పుడు పురుగు పారిపోలేదు, దాక్కోలేదు, కాళ్లు ఆడిస్తా, తోలు లోపల పట్టుకున్న గాలితో రవంత మెరుస్తా, నిదానంగా లేస్తా ఉంటుంది. సాఫ్ట్ హ్యాకిల్ చేసే పని అంతా ఆ కొద్దిసేపటిని నకలు కొట్టడమే. మెత్తటి ఈక పోగులు ప్రవాహానికి వెనక్కి వంగుతాయి, నీటి తోపుడు తగ్గితే మళ్లీ తెరుచుకుంటాయి. ఆ వంగడం, తెరుచుకోవడమే ప్రాణం. ఒళ్లు రంగు, తోక పొడుగు, అవన్నీ తర్వాతి సంగతులు.

ఇది కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్ వైపు పట్టుదారం, కౌజు జాతి పక్షి ఈక, ఈ రెండిటితోనే తరతరాలుగా కట్టినారు, స్కాట్లాండ్ వాళ్లు స్పైడర్ అని పిలుచుకున్నారు. తర్వాత ఇంగ్లండ్‌లోనే అవాన్ నది మీద రివర్ కీపర్‌గా, అంటే నదినీ చేపల్నీ చూసుకునే మనిషిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ నెమలి జాతి ఫెజెంట్ తోక పోగులు, రాగితీగ, ఈ రెండే పెట్టి ఫెజెంట్ టెయిల్ నింఫ్ కట్టినాడు, దారం కూడా వాడలేదు ఆయన. ఆ నింఫ్ ఒంటికి ఈ పాతకాలం మెత్తటి ఈక తగిలిస్తే నేను చెప్పే ఫ్లై వచ్చేస్తుంది.

సామాను. ఇక్కడే మన తిరుపతి గొప్పతనం.

ఈక కోసం ఫారిన్‌లో వాడేది గ్రే పార్ట్‌రిడ్జ్. మన కంచెల్లో, మామిడి తోటల్లో తిరిగే కౌజు జాతి పిట్టలు దానికి దూరపు చుట్టాలే, కానీ వాటి జోలికి పోకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, కేసు అవుతుంది, అసలు అవసరం కూడా లేదు. ఫారంలో పెంచే కౌజుపిట్టలు చికెన్ అంగళ్లలో దొరుకుతాయి కదా, వాటికి ఈకలు పీకరు, తోలుతో సహా ఒక్క లాగుడులో ఒలిచేసి బకెట్లో పడేస్తారు. నేను పోయి "అన్నా, ఆ తోళ్లు పారేయొద్దు, నాకియ్యి" అంటే ఆయన కత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసి "ఏం చేసుకుంటావు సామీ తోళ్లతో?" అన్నాడు. చేపలు పట్టేదానికి అన్నా. "ఈకతో చేపలా" అని పక్కనున్న పిల్లోడికి చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు కానీ కవర్ నిండా ఇచ్చినారు, దుడ్లు తీసుకోలేదు. ఇప్పుడు నేను కనపడితే ఆయనే "తోళ్లు ఉండాయి సామీ" అని కేకేస్తాడు, బజారులో అందరూ తిరిగి చూస్తారు, అదొక్కటే ఇబ్బంది.

దాంట్లో ఆడ పిట్ట రొమ్ము ఈక చూడండి. ఇసుక రంగు మీద ముదురు గోధుమ చుక్క, మధ్యలో లేత రంగు కాడ, కింద బూడిద రంగు నూగు. మగపిట్ట రొమ్ము చుక్కల్లేకుండా ఇటుక రంగులో ఉంటుంది, అదీ పనికొస్తుంది కానీ చుక్కల ఈక చుడితే పోగు పోగుకీ ముదురు, లేత పట్టీలు వస్తాయి, అది నీళ్లలో పురుగు కాళ్లలాగే కనిపిస్తుంది. వీపు ఈకలు చిన్నవి, 16 నంబర్ గాలానికి (నంబర్ పెరిగేకొద్దీ గాలం చిన్నది) సరిపోతాయి, రొమ్ము ఈకలు 12, 14 నంబర్లకి.

కౌజు దొరక్కపోతే నాటుకోడి పెట్ట మెడ ఈకలు. పెట్ట అని గట్టిగా చెప్తున్నా, పుంజు కాదు. పుంజు మెడ ఈక బిరుసుగా, నిగనిగలాడతా ఉంటుంది, నీళ్లని తోసేస్తుంది, నీటిపైన తేలే డ్రై ఫ్లైకి అది కావాలి. పెట్ట ఈక నీళ్లు పీల్చుకుంటుంది, మెత్తగా ఆడుతుంది. పందేల వాళ్లు డేగ, కాకి, పింగళి అని పుంజు రంగులకి పేర్లు చెప్తారు కదా, ఆ డేగ రంగు ఈక కోసం ఫ్లై కట్టేవాళ్లు ఎంతైనా ఇస్తారు, అది వేరే రోజు రాస్తా. గిన్నెకోడి ఈకలు కూడా వాడొచ్చు, నల్లటి మీద తెల్ల చుక్కలు, కానీ కొంచెం బిరుసు, నాకు అంత నచ్చలేదు.

ఒంటికి ఫెజెంట్ తోక పోగుల బదులు టర్కీ కోడి తోక పోగులు, అవి పల్లెల్లో పెంచేవాళ్ల దగ్గర దొరుకుతాయి. తల వెనక చుట్టేదానికి నెమలి పించంలో కంటికి అటూ ఇటూ ఉండే పోగులు రెండు చాలు, రాలిపోయిన ఈకలు ఇంట్లో పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, దేశం దాటించడానికి మాత్రం ఒప్పుకోదు, కాబట్టి ఈ ఫ్లైలు ఫారిన్ ఫ్రెండ్స్‌కి పార్సిల్ పంపే ఆలోచన పెట్టుకోకండి. రాగితీగ మోటార్ రివైండింగ్ అంగడిలో. 38 గేజ్ నుంచి 42 గేజ్ దాకా ఏదైనా సరే, ఎనామిల్ పూత ఉంటుంది కాబట్టి రంగు మారదు, ఒక పాత బాబిన్ చివర మిగిలింది ఇస్తే నీ జన్మకి సరిపోతుంది. పట్టుదారం మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గాల దగ్గర తెగిన పోగులు అడిగితే ఇస్తారు, లేత పసుపు, నారింజ, ఆకుపచ్చ, అన్ని రంగులూ. దారానికి పూయడానికి తేనెమైనం. ముడి మీద రాయడానికి మా చెల్లెలి నెయిల్ పాలిష్, రంగు లేనిది. గాలాలు మాత్రం ఆన్‌లైన్‌లో మంచివి కొనండి, అక్కడ పొదుపు చేయకండి, ఇక్కడ దొరికే చవక గాలాలు మందంగా ఉండి ఫ్లైని రాయిలాగ ముంచేస్తాయి, మొన కూడా నిలవదు. గాలాన్ని పట్టుకునే వైస్ కూడా ముందే కొనక్కర్లేదు, కంసాలి దగ్గర వాడే చిన్న చేతి పట్టుకారు టేబుల్ అంచుకి బిగిస్తే పని అయిపోతుంది.

కట్టడం. గాలం లోపలి ఎదురుముల్లుని ముందు ప్లయర్‌తో నొక్కేయండి, కట్టిన తర్వాత నొక్కితే గాలం విరిగితే అంత పనీ పోతుంది. గాలం కంటి (దారం కట్టే రంధ్రం) దగ్గర రవంత ఖాళీ వదిలి దారం మొదలుపెట్టి వంపు దాకా ఒకే పొర పోనివ్వండి. అక్కడ టర్కీ పోగులు మూడో నాలుగో, మొనలు బయటికి తోకలాగ, గాలం కాడలో సగం పొడుగు. రాగితీగ కూడా అక్కడే కట్టేయండి. పోగుల్ని ఒకటిగా పట్టుకొని ముందుకి చుట్టుకుంటా వచ్చి, మూడింట రెండొంతులు అయినాక ఆపి కట్టి, రాగితీగని ఎదురు దిక్కులో ఎడంగా ఐదారు చుట్లు. ఎదురు దిక్కు ఎందుకంటే ట్రౌట్‌కి పళ్లుంటాయి, పోగు ఒకచోట తెగినా తీగ పట్టుకుంటుంది, ఒకే దిక్కులో చుడితే తీగ పోగుల మధ్య దూరిపోయి పట్టేది ఏమీ ఉండదు. తర్వాత నెమలి పోగు రెండు మూడు చుట్లు, చిన్న గుబురు వస్తుంది, అది ఈకని ఒంటికి అతుక్కుపోకుండా కొంచెం ఎత్తి పెడుతుంది. ఈ గుబురు లేకుండా కట్టినవి తడిస్తే ఈక ఒంటికి కరుచుకొని చచ్చిన పురుగులాగ ఉంటాయి.

ఇంక ఈక. దీని దగ్గర తొందరపడకండి. ఈక అడుగున నూగు అంతా పీకేయండి. మొన దగ్గర రెండు వేళ్లతో పట్టుకొని మిగతా పోగుల్ని కిందికి దువ్వితే మొన ఒక చిన్న త్రికోణంగా విడిపడి నిలుస్తుంది. ఆ త్రికోణాన్ని గాలానికి కట్టాలి, కాడ అడుగు వైపు కాదు. మొన దగ్గర కాడ సన్నగా ఉంటుంది కాబట్టి చుట్టు ఒత్తుగా రాదు. ఈక నిగనిగలాడే వైపు గాలం కంటి వైపుకి, మెరుపు లేని వైపు వెనక్కి, అప్పుడు పోగులు వాటంతట అవే తోక వైపు వాలతాయి. చుట్టేముందు ఒక పక్క పోగులన్నీ పీకేసినా తప్పులేదు, నేను అట్లాగే చేస్తా. కాడ చివర క్లిప్‌తో పట్టుకొని చుట్టు, తడి వేళ్లతో పోగుల్ని వెనక్కి దువ్వు, ఇంకో చుట్టు, ఆపేయ్. రెండు చుట్లే. మూడో చుట్టు వేయాలని చెయ్యి దురద పెడుతుంది, ఈక ఇంకా మిగిలి ఉంటుంది, కత్తిరించి పారేయడానికి మనసు ఒప్పుకోదు. పారేయండి. ఎదురుగా పట్టుకొని చూస్తే పోగుల్ని లెక్కపెట్టగలగాలి, పది పన్నెండు ఉంటే చాలు, వెనక ఉన్న గోడ కనపడాలి. పోగు పొడుగు గాలం మొన దాటి వంపు దాకా వస్తే సరి. ముడి చిన్నగా, నెయిల్ పాలిష్ ఒక చుక్క సూదితో పెట్టండి, బ్రష్‌తో రాస్తే ఈకంతా అంటుకొని గట్టిపడుతుంది.

అమ్మకాల ఫ్లైలలో నాకు నచ్చనిది ఇదే, ఈక ఐదారు చుట్లు దట్టంగా వేస్తారు. అంగట్లో కొనేవాడు మనిషి, చేప కాదు, మనిషికి నిండుగా ఉంటే నచ్చుతుంది. నీళ్లలో అన్ని పోగులు ఒకదాన్నొకటి ఆనుకొని ఒక్కటీ కదలదు.

కట్టిన తర్వాత ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి, ఫ్లైని దారానికి కట్టి ముంచి, పైకి కొంచెం లాగి వదలండి. లాగితే పోగులు ఒంటికి చేరతాయి, వదిలితే విచ్చుకుంటాయి, ఒక్కో పోగూ వేరే టైములో విచ్చుకుంటుంది. నెమలి పోగుల మధ్య చిన్న గాలి బుడగ పట్టుకొని మెరుస్తుంది కూడా. పోగులు కదలకపోతే ఈక బిరుసుది, లేదా చుట్లు ఎక్కువైనాయి, ఈ రెండే. ఆ గ్లాసు మళ్లీ కాఫీకి వాడొద్దని మా ఇంట్లో రూలు.

ట్రౌట్ లేని ఊళ్లో వేసి చూసేది ఎట్లా అంటే, చెరువులో జిలేబి చేపలున్నాయి కదా. మా ఊరి చెరువు పాట పాడుకున్న మామ దగ్గర చెప్పి, కట్ట పక్కన తూము దగ్గర వేస్తా. జిలేబి ఈ చిన్న నింఫ్ అంటే పడి చస్తుంది, పరిగెలు కూడా వస్తాయి. అక్కడ వానపాము ఎర పెట్టి, బెండు కట్టి కూర్చున్న పిల్లకాయలు నన్ను మొదట జాలిగా చూసేవాళ్లు, ఇప్పుడు "అన్నా, ఆ ఈక గాలం ఒకటి ఇయ్యవా" అంటున్నారు. ఇస్తా, బెండు కింద కట్టుకున్నా పనిచేస్తుంది, నాకేం పట్టింపు లేదు.

సరే, తీర్థన్. ఇక్కడినుంచి నిజాముద్దీన్‌కి సంపర్క్ క్రాంతి, ఢిల్లీలో మనాలి బస్సు ఎక్కి, టన్నెల్ ముందు ఔట్ అనే ఊరి దగ్గర దిగి, అక్కడినుంచి బంజార్, గుషైనీ. రాడ్ పెట్టిన పొడుగు గొట్టం చూసి ట్రైన్‌లో ప్రతి బోగీలో ఒకరు అడుగుతారు, ఫ్లూటా, గన్నా అని, రైల్వే పోలీసాయన కూడా అడిగినాడు, విప్పి చూపించినా, ఆయనది విజయవాడ, చేపల గురించి అరగంట మాట్లాడినాడు. లైసెన్స్ హిమాచల్ మత్స్యశాఖ దగ్గర తీసుకోవాలి. నవంబర్ నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా పట్టకూడదు, ఆ చలిలోనే బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెడుతుంది. జులై, ఆగస్టులో వానకి నీళ్లు మట్టిరంగులోకి తిరుగుతాయి. కాబట్టి మార్చి నుంచి జూన్, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్. ఎండాకాలంలో పైన మంచు కరగడం వల్ల మధ్యాహ్నం దాటితే నీళ్లు పెరిగి రంగు మారతాయి, పొద్దున్నే మంచిది.

నది అంతా పెద్ద పెద్ద గుండ్లు, వాటి మధ్య తెల్లటి నురగ, అక్కడక్కడా గుండం. రాడ్ 9 అడుగులది, 4 నంబర్ లైన్ (నంబర్ పెరిగితే బరువు పెరుగుతుంది), తేలే రకం, చివర సన్న దారం 5ఎక్స్ (అది దాని సన్నదనం కొలత). అంతకంటే బరువు లైన్ అక్కర్లేదు.

ఈ ఫ్లై వేసే పాత పద్ధతి స్వింగ్. గుండం తోక భాగంలో, అంటే నీళ్లు సన్నబడి మళ్లీ జారే ముందు చోట, ఒడ్డున నిలబడి అవతలి వైపుకి, కొంచెం దిగువకి, 45 డిగ్రీల కోణంలో వేయండి. నడిమధ్య ప్రవాహం వేగం కాబట్టి లైన్‌ని అది పట్టుకొని వంచేస్తుంది, వంచితే ఫ్లై పరిగెత్తుతుంది, ఏ నింఫూ అంత వేగంగా ఈదదు. అందుకని పడిన వెంటనే లైన్‌ని ఎత్తి ఎగువకి తిప్పి వేయాలి, దీన్నే మెండ్ చేయడం అంటారు, చేప పారిపోయేంత గట్టిగా కాదు, లైన్ వరకే. తర్వాత రాడ్ మొనతో ఫ్లైని వెంబడిస్తా పోవడమే. ఫ్లై అడ్డంగా నది దాటుకుంటా వచ్చి మీకు సూటిగా దిగువన వేలాడే చోట ఆగుతుంది. అక్కడ చాలామంది వెంటనే ఎత్తి మళ్లీ వేస్తారు. ఆగండి. ఆ ఆగిన చోట, ప్రవాహం లాగుడుకి ఫ్లై పైకి లేస్తుంది, పోగులు విచ్చుకుంటాయి, నాకు వచ్చిన చేపల్లో ఎక్కువ అక్కడ వచ్చినవే. ఊరికే నాలుగైదు సెకన్లు వేలాడనిచ్చి, తర్వాత వేళ్లతో లైన్ రవంత చుట్టి, మళ్లీ వదిలి, అప్పుడు ఎత్తండి.

పట్టుకున్నప్పుడు ఎట్లా ఉంటుందంటే, బెండు మునిగినట్టు ఉండదు. లైన్ ఒక్కసారి బరువెక్కుతుంది. గడ్డి తగులుకుందేమో అనిపిస్తుంది, అంతలో ఆ బరువు తల విదిలిస్తుంది. మన చెరువు అలవాటుకి చెయ్యి వెంటనే గుంజాలనుకుంటుంది, గుంజితే దారం తెగుతుంది లేదా నోట్లోంచి గాలం జారుతుంది, ఎందుకంటే చేప మీకు దిగువన, సూటిగా ఉంది, మీరు గుంజేది దాని నోట్లోంచి బయటికే. రాడ్ పక్కకి నిదానంగా ఎత్తితే చాలు, తిరిగే చేప తనంతట తానే మూతి మూలలో తగిలించుకుంటుంది. రీల్‌కీ వేలికీ మధ్య జానెడు లైన్ వదులుగా పట్టుకుంటే ఇంకా మేలు, చేప ఆ వదులు లాక్కొని తిరుగుతుంది.

రెండో పద్ధతి, పెన్సిల్వేనియాలో లీసెన్‌రింగ్ అనే ఆయన చేసింది, ఇప్పటికీ ఆయన పేరుతోనే లీసెన్‌రింగ్ లిఫ్ట్ అంటారు. చేప ఫలానా గుండు ముందు ఉందని తెలిస్తే (ఉందని అనుకుంటే అని చదువుకోండి) ఎగువకి వేసి, ఫ్లై మునిగి అడుగునే సహజంగా కొట్టుకొచ్చేదాకా రాడ్‌తో వెంబడించి, గుండు ముందుకి రాగానే రాడ్ ఆపేయడం. నువ్వు ఎత్తక్కర్లేదు, లైన్ బిగిసి నీళ్లే ఫ్లైని లేపుతాయి, చేప ముక్కు ముందర పురుగు రాయి వదిలి లేస్తున్నట్టే. తీర్థన్‌లో గుండ్ల మధ్య చిన్న చిన్న జాగాలే ఎక్కువ కాబట్టి స్వింగ్ కంటే ఇదే జాస్తి పనికొస్తుంది, పది పదిహేను అడుగుల లైన్‌తో, మోకాళ్ల మీద కూర్చొని, గుండు వెనక దాక్కొని వేయడం. చేప ఎగువకి మొహం పెట్టి ఉంటుంది కాబట్టి వెనకనుంచి పోతే చాలా దగ్గరికి రానిస్తుంది, ఎర్ర చొక్కా వేసుకోకపోతే.

అక్కడ నాతో తోడుగా వచ్చే పిల్లోడు బీడ్‌హెడ్ మనిషి. టంగ్‌స్టన్ పూస పెట్టి అడుక్కి దించి పట్టడమే అతని దారి, నా డబ్బా చూసి "భాయీసాబ్, వీటిలో బరువు ఏది, ఈ నీళ్లలో ఇవి పైనే కొట్టుకుపోతాయి" అన్నాడు. నిజమే, మార్చిలో నీళ్లు చల్లగా ఉండి చేపలు అడుగున అతుక్కొని ఉన్నప్పుడు అతనే ఎక్కువ పడతాడు, నేను ఒప్పుకుంటా, ఆ రోజుల్లో నేను కూడా పూసున్న ఫ్లై కింద ఒకటిన్నర అడుగు దూరంలో ఈ సాఫ్ట్ హ్యాకిల్ కట్టి రెండూ కలిపి వేస్తా, బరువు దాని పని, ఆడేది దీని పని. కానీ మే నెలలో ఒక పొద్దున ఎండ నీళ్ల మీదికి రాగానే మేఫ్లైలు లేవడం మొదలైంది, చేపలు నీటిపైకి మూతి తేకుండా, వీపు మాత్రం ఉబ్బెత్తుగా కనిపించేటట్టు తిరుగుతున్నాయి. మూతి కనపడకుండా వీపు కనపడితే అవి తినేది నీటిపైనున్న రెక్కల పురుగుని కాదు, వేలెడు లోతులో లేస్తున్న నింఫ్‌ని. అతను పూసని వాటి కిందికి దించుతా ఉన్నాడు, నేను పైపైన కౌజు ఈకని వేలాడదీస్తా ఉన్నా. ఇంకేం చెప్పాలి, సాయంత్రం టీ దగ్గర "ఆ చుక్కల ఈక ఏ పక్షిది" అని అడిగినాడు. చికెన్ అంగడి బకెట్‌లోది అంటే నమ్మలేదు.

పట్టిన చేపని వదిలేస్తా. ఎదురుముల్లు నొక్కేసింది కాబట్టి వేళ్లతో వెనక్కి తోస్తే గాలం వచ్చేస్తుంది. చేతులు ముందు నీళ్లలో తడుపుకోవాలి, పొడి చెయ్యి తగిలితే ఒంటి మీద జిగురుపొర పోయి తర్వాత బూజు పడుతుంది. నీళ్లలోనే మొహం ఎగువకి పెట్టి పట్టుకుంటే కొద్దిసేపటికి తోక ఆడించి పోతుంది. బంగారు గోధుమ ఒళ్లు, నల్ల చుక్కలు, మధ్యలో ఎర్ర చుక్కలు, చుట్టూ తెల్లని వలయం, ఫోటోలో ఆ రంగు రాదు. తినాలనుకుంటే దారి పొడుగునా ఫారం రెయిన్‌బో ట్రౌట్ వండిపెట్టే హోటళ్లున్నాయి, పైన కారం ఉండదు, మన నోటికి చప్పగానే ఉంటుంది, నేను ఇంటినుంచి ఎర్రకారం పొట్లం తీసుకుపోతా.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి, అరవై రకాల సామాను కిట్టు కొనకండి. 14 నంబర్ గాలాలు ఒక ప్యాకెట్, కౌజు తోలు ఒకటి, రాగితీగ, పట్టుదారం, నెమలి పోగులు. ఒకే ఫ్లై, ఒకే సైజు, వరసగా కట్టండి, చెయ్యి కుదిరేదాకా రకం మార్చకండి. తోళ్లు తెచ్చిన రోజే కొవ్వు గీకి, ఉప్పు పట్టించి, నీడలో ఆరబెట్టాలి, మన ఊరి తేమకి రెండో రోజే వాసన వస్తుంది. ఆరినాక జిప్ కవర్‌లో పెట్టి రెండు మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే ఈకల్లో ఉండే పురుగు చస్తుంది, ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి పెట్టండి, మా అమ్మ ఐస్ ట్రే కోసం చెయ్యి పెట్టి ఏం తీసిందో ఇక్కడ రాయను. తర్వాత డబ్బాలో కలరా ఉండ ఒకటి వేస్తే ఏళ్ల తరబడి ఉంటాయి. నా దగ్గర ఆడ కౌజు రొమ్ము ఈకలు డబ్బా నిండా ఉన్నాయి, తిరుపతి, చిత్తూరు పక్కన ఎవరికైనా కావాలంటే అడగండి, ఇస్తా, పుంజు ఈకలు మాత్రం అడగొద్దు, అవి డ్రై ఫ్లైలకి దాచుకున్నా.